సౌకర్యం విలాసమా?

బతికుంటే బలుసాకు తినవచ్చునని మనవాళ్ళు అంటారు. ఆపదలో ఉన్న మనిషి తనకు తాను ఈ మాట చెప్పుకుంటే అది ధైర్యం. ఆ ఆపదను తేలిక చేయగల స్థితిలో ఉన్నవాడు ఇదే మాట అతనికి చెబితే మాత్రం అది నోరు మూయించటం. మాట ఒకటే అయినా చెప్పేవాణ్ణి బట్టి దాని నీతి మారిపోతుంది.

రోగుల విషయంలో ఈ రెండో వాడుకే ఎక్కువ. మందు దొరికింది, ప్రాణం నిలిచింది. ఆ మందు ఎక్కించే సాధనం బరువుగా ఉందనీ, దాని గొట్టం తలుపు గడియకు తగులుకుంటోందనీ, అది అర్ధరాత్రి మోగి ఇంటిల్లిపాదినీ లేపుతోందనీ ఎవరైనా చెప్పబోతే, వినేవాళ్ళకు అది గొంతెమ్మ కోరికగా కనిపిస్తుంది. ప్రాణం దక్కినవాడు సుఖం కూడా అడుగుతున్నాడే అనిపిస్తుంది. మనబోటి వాళ్ళకయితే ఇంకొక అభ్యంతరం కూడా తోస్తుంది: లక్షలమందికి అసలు మందే దొరకని లోకంలో, కొద్దిమంది వాడుకునే సాధనానికి సొగసులు దిద్దటం ఏమి న్యాయం?

ఈ రెండు అభ్యంతరాలనూ పరీక్షించటమే ఈ వ్యాసం ఉద్దేశం. ఉదాహరణకు ఇన్సులిన్ పంపును తీసుకుంటున్నాను. దాన్ని తీసుకోవటానికి ఒక కారణం ఉంది.

నేను పాఠం చెప్పే కళాశాలలో ఒక అమ్మాయి చదివేది. తండ్రి ఆర్.టి.సి. కండక్టరు. ఆమెకు పదకొండో ఏట చక్కెర వ్యాధి వచ్చింది. పెద్దవయసులో వచ్చేది కాదు, పిల్లల్లో హఠాత్తుగా బయటపడే మొదటి రకం. అమెరికాలో ఉన్న మేనమామ, తన కొడుకు కొత్తది కొనుక్కుని వదిలేసిన పాత పంపు తెచ్చి ఆమెకు ఇచ్చాడు. గొట్టాలు దొరికినన్నాళ్ళు ఆమె పంపు పెట్టుకునేది, అయిపోతే మళ్ళీ సూదులు పొడుచుకునేది. ఒక పరీక్ష రోజున హాలు గుమ్మంలో ఆమెను ఆపారు. నడుం దగ్గర ఉబ్బెత్తుగా ఉన్న వస్తువు సెల్‌ఫోను అనుకున్నారు. కాదని తేలిన తరవాత కూడా, ఎలక్ట్రానిక్ వస్తువు ఏదయినా సరే బయట బల్లమీద పెట్టి రావలసిందేనన్నారు. "సార్, నా ఒంట్లో పనిచేయని భాగం ఇది. బయట పెట్టి రమ్మంటే ఎట్లా సార్?" అని ఆమె అడిగింది. తనిఖీకి వచ్చినాయన చెడ్డవాడేమీ కాదు. "నిబంధన అమ్మా, నేనేం చేసేది?" అన్నాడు. ప్రిన్సిపాలును పిలిపించి ఒప్పించేసరికి ముప్పావు గంట గడిచింది. ఆ ముప్పావు గంట ఆమెకు ఎవరూ తిరిగి ఇవ్వలేదు.

అప్పటినుంచీ ఆ వస్తువును గురించి నాకు తెలిసినంతమేరకు తెలుసుకుంటూ వచ్చాను.

మొదట వ్యాధి సంగతి. మన కడుపులో క్లోమం అనే గ్రంథి ఉంది. అందులోని కొన్ని కణాలు ఇన్సులిన్ తయారుచేస్తాయి. తిన్న తిండిలోని చక్కెర శరీరకణాలకు చేరాలంటే ఇన్సులిన్ కావాలి. మొదటి రకం వ్యాధిలో, శరీరాన్ని కాపాడవలసిన రక్షణ వ్యవస్థే ఆ కణాలను నాశనం చేస్తుంది. ఇన్సులిన్ కనిపెట్టకముందు ఈ వ్యాధి వచ్చిన పిల్లలు బతికేవారు కాదు. తిండి దాదాపు మాన్పించి, కొన్ని నెలలో ఒకటి రెండేళ్ళో మరణాన్ని వాయిదా వేయటం ఒక్కటే డాక్టర్లు చేయగలిగిన పని. 1922 జనవరిలో కెనడాలోని టొరాంటోలో లియొనార్డ్ థాంప్సన్ అనే పద్నాలుగేళ్ళ కుర్రవాడికి మొదటిసారి ఇన్సులిన్ ఇచ్చారు. మొదటి సూది సరిగా పనిచేయలేదు. కొద్దిరోజులలో కాలిప్ అనే శాస్త్రజ్ఞుడు దాన్ని మరింత శుద్ధి చేయగా రెండో ప్రయత్నం ఫలించింది. అది మానవజాతి గెలిచిన గొప్ప యుద్ధాలలో ఒకటి అనటంలో అతిశయోక్తి లేదు.

అయితే ఆ విజయంలో ఒక షరతు ఇమిడి ఉంది. అంతవరకు చావవలసిన రోగి ఇకనుంచీ బతుకుతాడు, కాని తన క్లోమం చేయవలసిన పనిని తానే చేసుకుంటూ బతకాలి. తొలి రోజుల్లో గాజు సిరంజిని రోజూ మరిగించుకోవాలి, మొద్దుబారిన సూదిని సానరాతి మీద నూరుకోవాలి. అవన్నీ ఇప్పుడు పోయాయి. కాని అసలు పని పోలేదు.

ఆ పని ఎటువంటిదో ఆరోగ్యవంతులు ఊహించటం కష్టం. క్లోమం ఎంత కావాలో అంత, ఎప్పుడు కావాలో అప్పుడు ఇన్సులిన్ వదులుతుంది. అది జరుగుతున్నట్టు మనకు తెలియను కూడా తెలియదు. రోగి మాత్రం దాన్నంతా లెక్కవేసి చేయాలి. ఇడ్లీలు మూడు తింటున్నానా, నాలుగా? బస్సు తప్పి రెండు మైళ్ళు నడవాలంటే ఎన్ని యూనిట్లు తగ్గించాలి? జ్వరం వస్తే ఎంత పెంచాలి? ఉపవాసం ఉంటే? పెళ్ళిభోజనం రెండు గంటలు ఆలస్యమైతే? లెక్క ఎక్కువైతే చక్కెర పడిపోయి చెమటలు పట్టి, స్పృహ తప్పి, ప్రాణంమీదికి రావచ్చు. తక్కువైతే ఆ రోజు ఏమీ తెలియదు, ఏళ్ళు గడిచాక కళ్ళూ మూత్రపిండాలూ ఆ బాకీ వసూలు చేసుకుంటాయి. ఈ లెక్కకు ఆదివారం లేదు, పండగ లేదు. నిద్రలో కూడా సెలవు లేదు.

దీన్ని మనం మామూలుగా "అసౌకర్యం" అంటాం. ఆ మాట అసలు విషయాన్ని కప్పిపుచ్చుతుంది. ఇది శ్రమ. కూలి లేని శ్రమ, మానుకోవటానికి వీలులేని శ్రమ, పక్కవాళ్ళకు కనిపించని శ్రమ. ఇంటి ఆడవాళ్ళ చాకిరీని ఎన్నో తరాలు మనం శ్రమగా గుర్తించలేదు. అది వాళ్ళ స్వభావం అనుకున్నాం. అట్లాగే రోగి చేసే ఈ పనిని అతని రోగంలో భాగం అనుకుంటున్నాం. సాధనం ఎంత మోటుగా ఉంటే అంత శ్రమ రోగి మీద పడుతుంది. ఎంత చక్కగా ఉంటే అంత శ్రమ సాధనం మీదికి మారుతుంది. కనుక సాధనం సౌకర్యంగా ఉండాలని కోరటమంటే ఈ శ్రమను తగ్గించమని కోరటమే. పనిగంటలు తగ్గించమని కార్మికుడు అడిగితే దాన్ని విలాసమని మనలో ఎవరమూ అనలేదు గదా!

ఇక పంపు కథ. 1960ల తొలి సంవత్సరాలలో అమెరికాలో ఆర్నాల్డ్ కడీష్ అనే డాక్టరు ఒక యంత్రం తయారుచేశాడు. అది సైనికుడు వీపున మోసే మూట అంత ఉండేది. దాన్ని ఎవరూ నిత్యజీవితంలో వాడలేకపోయారు. 1978లో లండన్‌లోని గైస్ ఆస్పత్రి డాక్టర్లు పికప్, కీన్, వారి సహచరులు, వెంట తీసుకుపోగల చిన్న పంపుతో చర్మం కిందికి ఎడతెగకుండా ఇన్సులిన్ ఎక్కించవచ్చునని చూపించారు. మరుసటి ఏడు అమెరికాలో యేల్ విశ్వవిద్యాలయం వారు కూడా ఆ పద్ధతి ఫలితాలు ప్రకటించారు. అప్పటినుంచీ పంపు చిన్నదవుతూ వచ్చింది. ఈనాడు అది అరచేతిలో ఇమిడే పెట్టె. అందులో ఇన్సులిన్ బుడ్డి, దాన్ని నెట్టే మర, ఆ మరను తిప్పే చిన్న మోటారు, బాటరీ ఉంటాయి. సన్నని గొట్టం ఒకటి చర్మం కింద గుచ్చిన చిన్న నాళానికి చేరుతుంది. యూనిట్టులో ఇరవయ్యో వంతు అంత స్వల్పమైన మోతాదును కూడా అది ఇవ్వగలదు. మామూలు సిరంజితో ఏ మనిషి చెయ్యీ ఆ పని చేయలేదు. గొట్టం, నాళం రెండు మూడు రోజులకు ఒకసారి మార్చాలి.

ఇక్కడొక ముఖ్యమైన సంగతి ఉంది. పంపులో త్వరగా పనిచేసి త్వరగా అయిపోయే ఇన్సులిన్ మాత్రమే పోస్తారు. అంచేత శరీరంలో నిలవ అంటూ ఏమీ ఉండదు. గొట్టం మెలికపడినా, గాలిబుడగ చేరినా, నిద్రలో నాళం ఊడిపోయినా, కొద్ది గంటలలో రక్తం విషమించటం మొదలుపెడుతుంది. అంటే గొట్టం గడియకు తగులుకోవటం చిరాకు వ్యవహారం మాత్రమే కాదు, ప్రాణం వ్యవహారం. అలారం సంగతీ అంతే. అవసరం లేనప్పుడు పదిసార్లు మోగే అలారాన్ని పదకొండోసారి ఎవరూ పట్టించుకోరు. ఆ పదకొండోసారే నిజమైన ఆపద వచ్చి ఉండవచ్చు. 2016లో అమెరికా ప్రభుత్వ నియంత్రణ సంస్థ ఎఫ్.డి.ఏ., చక్కెరను కొలిచే పరికరం చెప్పినదాన్నిబట్టి తనంతట తానే ఇన్సులిన్‌ను సర్దుకునే మొదటి పంపును ఆమోదించింది. శాస్త్రం దృష్టితో అది పెద్ద ముందడుగు. కాని అది మాటిమాటికీ మోగి, మాటిమాటికీ ఏదో ఒకటి అడుగుతూ ఉంటే, ఎంతోమంది విసిగి ఆ స్వయంచాలక పద్ధతిని కట్టేసుకున్నారు. బ్రహ్మాండంగా పనిచేసే యంత్రాన్ని మనుషులు ఆపివేస్తే అది పనిచేసినట్టా, చేయనట్టా? భద్రత ఒకవైపు, సౌకర్యం ఒకవైపు అని విడదీసేవాళ్ళు ఈ ప్రశ్నకు సమాధానం చెప్పాలి.

ఇంకొక ప్రశ్న: ఎవరికి సౌకర్యం? పంపుల్లో చాలావాటికి వెనుక ఒక పట్టీ ఉంటుంది, నడుముకు బెల్టు పెట్టుకున్నవాడు దానికి తగిలించుకోవటానికి. లేదా జేబులో వేసుకోవచ్చు. బెల్టు ఎవరు పెట్టుకుంటారు? జేబు ఎవరి బట్టలకు ఉంటుంది? చీర కట్టుకున్న స్త్రీ, గౌను తొడుక్కున్న పాప, లుంగీ కట్టుకుని పొలంలో వంగి పనిచేసే మనిషి — వీళ్ళెవరూ ఆ పట్టీని తయారుచేసినవాడి కళ్ళ ముందు లేరు. అతను వీళ్ళను ద్వేషించాడని నేను అనటం లేదు. తనకు తెలిసిన శరీరాన్నే అతను శరీరమనుకున్నాడు. సాధారణ మానవుడు అనే పేరుతో ఒక వర్గం మనిషినీ, ఒక దేశం మనిషినీ, చాలాసార్లు మగవాణ్ణీ నిలబెట్టటం సాహిత్యంలో మనకు కొత్త సంగతి కాదు. వస్తువుల రూపకల్పనలో కూడా అదే జరుగుతుంది. పుస్తకాన్ని విమర్శించినట్టే ఒక వస్తువును కూడా విమర్శించవచ్చు, విమర్శించాలి.

వేడి సంగతి చూడండి. పంపుల్లో వాడే కొన్ని ఇన్సులిన్ల వెంట వచ్చే కాగితం, 37 డిగ్రీలు దాటిన వేడి తగిలితే ఆ మందు పారేయమంటుంది. రామగుండంలోనూ రెంటచింతలలోనూ వేసవి మధ్యాహ్నం 45 డిగ్రీలు తాకుతుంది. ఒంటికి అంటుకుని ఉన్న పెట్టెలోని మందు ఏమవుతుంది? మనదేశంలో సిరంజితో వాడుకునే ఇన్సులిన్ బుడ్లు ఎక్కువగా మిల్లీలీటరుకు 40 యూనిట్ల బలంతో వస్తాయి. పంపుకు కావలసింది 100 యూనిట్ల బలం. ఒకదానికి బదులు ఒకటి పోస్తే మోతాదు రెండున్నర రెట్లు తారుమారవుతుంది. గొట్టాలు దొరికితే పంపు, దొరకకపోతే సూది అన్నట్టు బతికే మా విద్యార్థినివంటివాళ్ళకు ఈ రెండు లెక్కలూ ఒకే బుర్రలో ఉండాలి. సిరంజి మూత ఎర్రగా ఉందా, నారింజరంగులో ఉందా అని ప్రతిసారీ చూసుకోవాలి. కరెంటు లేని ఇళ్ళలో తడి ఇసుక పోసిన మట్టికుండలో మందును చల్లగా దాచుకునే ఉపాయం పేదవాళ్ళు ఎప్పుడో కనిపెట్టారు. వాళ్ళ నిత్యావసరం నుంచి పుట్టిన ఆ తెలివిని సాధనాల తయారీలో ఎవరైనా లెక్కలోకి తీసుకున్నారా?

రోగులకు ఆ తెలివి ఉందనటానికి ఈ కథలోనే పెద్ద సాక్ష్యం ఉంది. అమెరికాలో డానా లూయిస్ అనే యువతికి చిన్నతనంనుంచీ ఈ వ్యాధి ఉంది. ఒంటరిగా ఉండేది. చక్కెరను కొలిచే పరికరం రాత్రిపూట మోగే మోత నిద్ర లేపేటంత గట్టిగా లేదు. నిద్రలో చక్కెర పడిపోతే తెల్లవారేసరికి తాను ఉంటుందో ఉండదోనన్న భయం ఆమెది. మోత పెంచమంటే తయారీదారులనుంచి ఫలితం లేకపోయింది. 2013లో ఆమె, స్నేహితుల సాయంతో, ఆ పరికరం అంకెలను తన ఫోనుకు రప్పించుకుని గట్టిగా మోగేటట్టు చేసుకుంది. అదే కాలంలో ఇంకొక చోట ఒక తండ్రి, బడిలో ఉన్న తన చిన్నకొడుకు చక్కెర అంకెలను దూరంనుంచి చూసుకునే ఉపాయం కనిపెట్టి నలుగురికీ పంచాడు. "మేము ఇక ఆగము" అన్నదే వాళ్ళ నినాదమయింది. 2015లో లూయిస్, ఆమె సహచరులు, పంపు తనంతట తానే సర్దుకునే పద్ధతిని మొత్తం ఉచితంగా ప్రకటించారు. ప్రభుత్వ ఆమోదం పొందిన మొదటి యంత్రం రావటానికి ముందు సంవత్సరం అది!

వాళ్ళు వాడినవి పాతకాలపు పంపులు. వాటి రేడియో సంకేతాలకు సరైన తాళం లేదు, బయటనుంచి ఆజ్ఞలు ఇవ్వవచ్చు. 2019లో ఎఫ్.డి.ఏ. సరిగ్గా ఆ లోపాన్నే ఎత్తిచూపి, ఆ పంపులు వాడవద్దని హెచ్చరించింది. ఆ హెచ్చరిక అన్యాయమని నేను అనలేను. తాళంలేని తలుపులోంచి డాక్టరే కాదు, దొంగ కూడా రావచ్చు. కాని రోగి తన శరీరానికి అతుక్కుని ఉన్న యంత్రంతో మాట్లాడటానికి తాళంలేని తలుపు తప్ప వేరే దారి లేకపోవటం ఎవరి దోషం? తాళమూ ఉండాలి, తాళంచెవి రోగి చేతిలోనూ ఉండాలి. ఇది అసాధ్యమేమీ కాదు. న్యూజిలాండులో 97 మంది మీద 24 వారాలపాటు ఇటువంటి ఉచిత పద్ధతిని పరీక్షించి 2022లో ఫలితాలు ప్రకటించారు. ఆ పద్ధతి వాడినవాళ్ళు మిగతావారికన్న రోజుకు మూడు గంటలకు పైగా ఎక్కువసేపు చక్కెర అదుపులో ఉంచుకోగలిగారు. 2023 జనవరిలో, ఇట్లా రోగులు తయారుచేసుకున్న పద్ధతినుంచి పుట్టిన ఒక కార్యక్రమానికి ఎఫ్.డి.ఏ. ఆమోదం కూడా దొరికింది.

ఇది చూసి మురిసిపోయి ఊరుకోవటం పొరపాటు. ఆ రోగులు కంప్యూటర్లు తెలిసినవాళ్ళు. వాళ్ళ చేతిలో పంపు ముందే ఉంది, చక్కెరను అయిదు నిమిషాలకోసారి కొలిచే పరికరం ఉంది, రాత్రులు మేలుకుని పనిచేసే తీరిక ఉంది. జ్ఞానాన్ని ఉచితంగా పంచారు నిజమే, కాని ఆ జ్ఞానాన్ని అందుకునే చేతులు లోకంలో సమానంగా లేవు. కండక్టరు కూతురికి ఆ పద్ధతి ఉచితమే. గొట్టం మాత్రం ఉచితం కాదు.

ఇప్పుడు మొదటి పేజీలో వదిలేసిన అభ్యంతరానికి రావచ్చు. మందే లేనివాళ్ళుండగా సాధనానికి మెరుగులెందుకు? ఈ అభ్యంతరంలో నిజం ఉంది, దాన్ని తేలికగా కొట్టిపారేయకూడదు. ఇన్సులిన్ కనిపెట్టిన బాంటింగ్, బెస్ట్, కాలిప్ 1923లో తమ పేటెంటు హక్కును ఒక్కొక్క డాలరుకు టొరాంటో విశ్వవిద్యాలయానికి రాసిచ్చారు. ప్రాణంపోసే మందు ఏ ఒక్కరి గుత్తసొత్తూ కాకూడదన్నదే వాళ్ళ ఉద్దేశం. వంద సంవత్సరాలు గడిచేసరికి ప్రపంచ ఇన్సులిన్ వ్యాపారంలో అతిపెద్ద భాగం మూడు కంపెనీల చేతిలోకి పోయింది. లోకంలో అందరికన్న ధనిక దేశంలోనే ధర భరించలేక మందును పొదుపుగా వాడి ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్ళున్నారు. ఇటువంటప్పుడు, ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఇన్సులిన్ బుడ్డి లేకుండా, ప్రజాధనంతో పట్నంలో పదిమందికి పంపులు కొనిస్తామంటే అది అన్యాయమే. ముందు ఏది, తరవాత ఏది అన్న ప్రశ్న నిజమైన ప్రశ్న.

కాని ఆ ప్రశ్నను వాడే తీరులో ఒక మోసం జరుగుతుంది. ముందు మందు, తరవాత సౌకర్యం అనేది కాలక్రమానికి సంబంధించిన మాట. చూస్తుండగానే అది మనుషులకు సంబంధించిన మాటగా మారిపోతుంది: పేదవాళ్ళకు మందు, డబ్బున్నవాళ్ళకు సౌకర్యం. "తరవాత" అన్న మాట "నీకు కాదు" అన్న అర్థాన్ని పొందుతుంది. ముందు కూడు, తరవాత చదువు అని చెప్పి చదువును ఎన్ని తరాలు కొందరికి దూరంగా ఉంచారో ఉపాధ్యాయులకు నేను చెప్పనక్కరలేదు. కూలివాడి బిడ్డకు గ్రంథాలయమెందుకు అన్నవాణ్ణి మనం ఎదిరించాం. అన్నం ముఖ్యం కాదని మనం వాదించామా? లేదు. అన్నం పేరుచెప్పి పుస్తకాన్ని లాగేసుకోవటాన్ని ఎదిరించాం. ఇక్కడ చేయవలసిందీ అదే.

అదీగాక, పేదవాడికి పనికివచ్చే సౌకర్యం ఖర్చు పెంచేది కాదు. వేడికి తట్టుకునే బుడ్డి, చెడిపోతే మన ఊళ్ళోనే బాగుచేయగల మోటారు, అంగట్లో దొరికే బాటరీ, ఏ గొట్టమైనా ఏ పంపుకైనా తగిలే మూతి, తెలుగులో అంకెలూ మాటలూ చూపించే తెర — ఇవన్నీ సౌకర్యాలే. ఇందులో కొన్ని వ్యాపారానికి నష్టం. గొట్టం మూతిని తమ పంపుకే సరిపడేటట్టు మార్చిన కంపెనీలున్నాయి. పంపును ఒక్కసారే కొంటారు, గొట్టాలను జీవితాంతం కొంటారు. లాభం గొట్టంలో ఉంది. మేనమామ ఇచ్చిన పంపు చక్కగా పనిచేస్తూనే ఉన్నా, దానికి సరిపడే గొట్టం ఇక్కడి అంగళ్ళలో లేక మా విద్యార్థిని నెలలతరబడి దాన్ని పెట్టెలో పెట్టింది. గొట్టం లేకుండా అంటించుకునే పంపులు కూడా వచ్చాయి. అవి నిజంగా హాయి. కాని కొన్ని రకాలలో మోటారు, బాటరీ సహా మొత్తం మూడు రోజులకు ఒకసారి పారేయాలి. అంటే సౌకర్యాన్ని రెండు రకాలుగా తయారుచేయవచ్చు: మళ్ళీమళ్ళీ కొనిపించే సౌకర్యం, మళ్ళీమళ్ళీ కొనే అవసరాన్ని తగ్గించే సౌకర్యం. ఈ రెండింటిలో ఏది ముందుకు పోవాలో మర, మోటారు నిర్ణయించవు. వాటి యజమాని నిర్ణయిస్తాడు.

ఇంకొక అభ్యంతరం నీతివాదులది. కష్టం మనిషిని రాటుదేలుస్తుంది, లెక్క తానే వేసుకునే రోగికి తన శరీరం మీద అవగాహన ఉంటుంది, యంత్రానికి అప్పగిస్తే సోమరి అవుతాడు అని. మనిషి తాను ఎంచుకున్న లక్ష్యంకోసం పడే కష్టానికి విలువ ఉంది. అతను ఎంచుకోని, ఎవరికీ ఉపయోగపడని కష్టానికి ఏ విలువా లేదు. యంత్రాలవల్ల మనుషుల చాకిరీ నిజంగా తగ్గిందా అని జాన్ స్టూవర్ట్ మిల్ ఒకప్పుడు సందేహించాడు. పెట్టుబడి చేతిలో యంత్రానికి ఆ ఉద్దేశమే లేదు గదా అని మార్క్సు దానికి సమాధానం చెప్పాడు. మిల్ సందేహాన్ని పరీక్షించటానికి ఇన్సులిన్ పంపు మంచి ఉదాహరణ. ఇది వేరొకరి లాభంకోసం వాడి చాకిరీని పిండే యంత్రం కాదు, వాడి చాకిరీని వాడికోసమే తగ్గించగల యంత్రం. అయినా అది ఎంతవరకు తగ్గిస్తుందన్నది మళ్ళీ యాజమాన్యం చేతిలోనే ఉంది.

అయితే నీతివాదుల మాటలో తీసుకోవలసింది ఒకటుంది. పనిని యంత్రానికి ఇవ్వటం వేరు, నిర్ణయాన్ని ఇవ్వటం వేరు. లెక్క యంత్రం వేయాలి. ఆ లెక్క ఎట్లా వేసిందో రోగికీ డాక్టరుకూ తెలిసి తీరాలి, కావాలంటే దాన్ని మార్చగలగాలి. లోపలి లెక్క వ్యాపార రహస్యంగా ఉండి, రోగి చక్కెర అంకెలు అతనికన్న ముందు కంపెనీ లెక్కల్లోకి చేరితే, చాకిరీ తగ్గినా మనిషి స్వతంత్రుడు కాడు. మంచి సాధనం మనిషిని తన పనినుంచి తప్పిస్తుంది, తన జీవితం మీద అధికారంనుంచి తప్పించదు.

ఇదంతా ఆదర్శమేనా, ఆచరణలో కూడా ఏమైనా ఉందా? ఇంగ్లండులో, ప్రజల పన్నులతో నడిచే ఆరోగ్య సేవలో ఏది ఇవ్వాలో సలహా చెప్పే సంస్థ, 2023 డిసెంబరులో మొదటి రకం వ్యాధిగ్రస్తులకు తనంతట తాను సర్దుకునే పంపు ఇవ్వాలని సిఫారసు చేసింది. 2024 ఏప్రిల్‌నుంచి పిల్లలకూ గర్భిణులకూ ముందుగా, అయిదేళ్ళలో క్రమక్రమంగా తక్కినవాళ్ళకూ ఇవ్వటం మొదలుపెట్టారు. కంపెనీలతో ధర బేరమాడి తగ్గించారు. అది ధనిక దేశమనీ, మనం అనుకరించలేమనీ అనవచ్చు. అంకెలను అనుకరించలేకపోవచ్చు, సూత్రాన్ని అర్థంచేసుకోవచ్చు. ఆ సూత్రం ఇది: సౌకర్యం ఒక్కొక్క రోగి జేబు నిర్ణయించవలసిన విషయం కాదు, సమాజం చర్చించి నిర్ణయించవలసిన విషయం. మనదేశంలో పంపు ధర లక్షల్లో ఉంటుంది, దాని సరంజామాకు నెలనెలా వేలు కావాలి. కొనగలిగినవాడు కొంటాడు, కొనలేనివాడికి అటువంటిది ఒకటుందని కూడా తెలియదు. తెలియకపోవటంవల్ల అతను అడగడు. అడగకపోవటం చూసి అతనికి అక్కరలేదని మనం అనుకుంటాం.

ఖర్చులేని పనులు కూడా ఉన్నాయి. 2017లో కేంద్ర మాధ్యమిక విద్యా మండలి, ఈ వ్యాధి ఉన్న పిల్లలు పరీక్ష హాల్లోకి తినుబండారాలు తీసుకుపోవచ్చునని ఉత్తరువు ఇచ్చింది. ఒక్క కాగితం, కొన్ని వాక్యాలు. దానివల్ల ఎంతమంది పిల్లలు చక్కెర పడిపోతుందన్న భయం లేకుండా పరీక్ష రాసి ఉంటారు! సాధనం రూపకల్పన కర్మాగారంలో ముగిసిపోదు. బడి గుమ్మంలో, బస్సులో, ఆఫీసులో, పెళ్ళిపందిట్లో దాన్ని మనం ఎట్లా చూస్తామన్నదానిమీద కూడా దాని సౌకర్యం ఆధారపడి ఉంటుంది. ఎంత చిన్న పంపునైనా మన అజ్ఞానం మోయరాని బరువు చేయగలదు. ఈ పత్రిక చదివేవారిలో ఉపాధ్యాయులు చాలామంది ఉన్నారు. పరీక్ష హాలు గుమ్మంలో నిలబడేది మనమే.

ఆ అమ్మాయి చదువు ముగించి వెళ్ళేటప్పుడు, నీ పంపులో ఏం మారితే బాగుంటుందమ్మా అని అడిగాను. చిన్నదిగా ఉండాలంటుందేమో, గొట్టం వద్దంటుందేమో అనుకున్నాను. ఆమె కొంచెంసేపు ఆలోచించి, "ఒక్క గంటయినా అది నాకు గుర్తుకు రాకుండా ఉండాలి సార్" అంది.

మనం రోజంతా మన క్లోమాన్ని మరిచిపోయి పుస్తకాలు చదువుతున్నాం, ఉపన్యాసాలిస్తున్నాం, సౌకర్యం విలాసమా కాదా అని వాదించుకుంటున్నాం. అలా మరిచిపోగలగటం కూడా ఒక ఆస్తి. అది కొందరికి పుట్టుకతో వచ్చింది, కొందరికి రాలేదు. రానివాళ్ళకు దాన్ని సంపాదించిపెట్టే విద్య మానవజాతి దగ్గర ఇప్పుడు ఉంది. ఉండి కూడా ఇవ్వకపోతే, ఆ లోపాన్ని ప్రకృతి మీదికి తోసివేయటానికి ఇక వీలులేదు.